బిందె మోసిన నమ్మకం

ఇల్లినాయ్ రాష్ట్రంలో మా అరోరా బాలాజీ గుడి 1986 నాటిది. దర్శనమయ్యాక నలుగురం కూర్చుంటే పిల్లల పెళ్ళిళ్ళ మాట రాక తప్పదు. కులం, మతం, దేశం అన్నీ చర్చకొస్తాయి. చివరకు "ఎవరి నమ్మకాలు వారివి" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. అప్పుడు నాకు రాజమండ్రి గుర్తుకొస్తుంది.

1881 డిసెంబరు 11న అక్కడ కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. ఛాందసులు మాత్రం వెలివేశారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు.

ఉద్యమం పంతులుగారిది. బిందె మాత్రం ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారి చంకకెక్కింది. గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, వంట చేసి, పెళ్ళివారికి ఆమే వడ్డించారు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులను కన్నబిడ్డల్లా చూసుకున్నారు. 1910లో ఆమె కన్నుమూసేదాకా ఆ ఇంటి భారం ఆమెదే.

పంతులుగారికి విగ్రహాలున్నాయి. ఆమె సహకారం లేకుంటే ఆ పెళ్ళిపందిరి నిలిచేదా అని నా సందేహం.

ఒకరి నమ్మకం ఇంట్లో అందరి బతుకునూ మారుస్తుంది. కనుక మిత్రులారా! పిల్లల ఎంపికను కాదన్నా, ఔనన్నా, ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: మన నమ్మకానికి నీళ్ళు మోసేదెవరు? మోసేవారిని అడిగామా?