పట్టుచిత్రము పుట్టినిల్లు

జపాను దేశపు బౌద్ధాలయములలో శతాబ్దములుగా భద్రపరచిన పట్టుచిత్రములు కొన్ని కలవు. వీనిలో పెక్కింటిని చైనాలో సుంగ్, యువాన్ వంశముల కాలమున వ్రాసినవని చాలకాలము నమ్ముచుండిరి. జాంగ్ సీగుంగ్ అను చైనా చిత్రకారుని పేరు వానికి తగిలించుట పరిపాటిగా నుండెను. కాని వానిలో ఎన్నో చైనావి కావు, కొరియావి. 918 నుండి 1392 వరకు కొరియాను ఏలిన కొర్యో రాజుల కాలమున వ్రాసినవి. నేడు ప్రపంచమున మిగిలియున్న కొర్యో బౌద్ధచిత్రములు సుమారు 160 మాత్రమే. అందు అధికభాగము జపానులోనే ఉన్నది. పేరు మారినందున ఒక జాతి కళాచరిత్రలో ఒక అధ్యాయమే మరుగుపడినది. అట్టి చిత్రముల జన్మస్థానమును ఎట్లు కనుగొందురు?

మొదట రంగుల సాక్ష్యమును చూతము. ఎక్స్ కిరణములు సోకినపుడు రంగులోని ప్రతి మూలకము తనకే చెందిన కిరణములను వెలువరించును. వానిని కొలిచినచో చిత్రమును గీరకయే రంగును ఊహింపవచ్చును. ఎరుపులో పాదరసము కనబడినచో అది ఇంగిలీకము. నీలములో గాని ఆకుపచ్చలో గాని రాగి కనబడినచో అది రాగి ఖనిజపు పొడి. తెలుపులో సీసము కనబడినచో అది సీసముతో చేసిన రంగు. అయితే చైనా, కొరియా, జపాను చిత్రకారులు మువ్వురును ఈ రంగులనే వాడిరి. కావున రంగు దేశమును చెప్పజాలదు.

కాలమును గూర్చి మాత్రము అది కొంత చెప్పగలదు. ప్రష్యన్ నీలము 18వ శతాబ్ది ఆరంభమున బెర్లిను నగరములో పుట్టినది. ఆ రంగు కనబడిన పొర అంతకు పూర్వపుది కాజాలదు. అంతమాత్రమున చిత్రమంతయు క్రొత్తదనరాదు, అది తరువాతి మరమ్మతు కావచ్చును. రేడియో కార్బను పరీక్షయు అట్టిదే. అది పట్టు వయస్సును చెప్పును గాని, కుంచె పట్టిన చేయి ఏ దేశముదో చెప్పదు.

ఇక రెండవ సాక్ష్యము చిత్రణ పద్ధతి. కొర్యో చిత్రములలో పేరొందినది జలచంద్ర అవలోకితేశ్వరుడు. బోధిసత్త్వుడు నీటి ఒడ్డున రాతిపై ఒకింత ప్రక్కకు తిరిగి కూర్చుండును. వెనుక రెండు వెదుళ్లు, దాపున విల్లోకొమ్మ ఉంచిన నీటికలశము ఉండును. మేనిపై సన్నని మేలిముసుగు, వస్త్రములపై బంగారుగీతలతో గుండ్రని తామరలతల నమూనాలు కానవచ్చును. క్రింద ఒక మూల చేతులు జోడించి నిలిచిన బాలుడు సుధనుడు. ఇతని కథ గండవ్యూహమను బౌద్ధగ్రంథములోనిది. సుధనుడు జ్ఞానార్థియై బయలుదేరిన ధన్యాకరము మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేయని కొందరు పండితుల అభిప్రాయము. ఈ లక్షణములలో ఏ ఒక్కటియు చాలదు. పట్టునకు వెనుకవైపున రంగు పూయుట వంటి పద్ధతులు ఇరుగుపొరుగు దేశములలోను కలవు. పెక్కు లక్షణములు ఒక్కచోట కలిసినపుడే అవి సాక్ష్యమగును.

మూడవది వ్రాత. ఇందుకు చక్కని ఉదాహరణము క్యూషూ ద్వీపమున కరత్సు పట్టణములోని కగామి దేవాలయమునకు చెందిన జలచంద్ర చిత్రము. దీని ఎత్తు 4 మీటర్లకు పైన, వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. దీనిని వ్రాసిన వివరములు తెలుపు పంక్తులు నేడు దానిపై కానరావు. అయినను అవి మనకు దక్కినవి! జపాను దేశపటమును కొలతలతో తయారుచేసిన ఇనో తదతక (1745–1818) 1812లో ఈ చిత్రమును చూచి, దానిపై నున్న వ్రాతను తన దినచర్యలో ఎక్కించెను. దానినిబట్టి ఈ చిత్రమును 1310లో కొర్యో అంతఃపురపు రాణి కిమ్ వ్రాయించినదని తేలినది. చిత్రకారుల పేర్లును అందు కలవు. 1391 నాటికే ఇది కగామి దేవాలయమునకు సమర్పితమైనది.

ఇచట ఒక మెలిక కలదు. ఆ వ్రాతలో సంవత్సరము చైనాను ఏలిన యువాన్ చక్రవర్తి శకము ప్రకారము ఉన్నది. ఆనాడు కొర్యో యువాన్లకు లోబడియుండెను. లిపియు చైనా లిపియే. తొందరపడి చదివినవాడు దీనిని చైనా చిత్రమనియే తీర్మానించును. రాణి పేరును, ఆస్థానపు వివరములను గమనించినవాడే నిజము చెప్పగలడు.

1967లో కుమగాయ్ నొబువొ అను జపాను పండితుడు కొరియా బౌద్ధచిత్రముల లక్షణములను చర్చించి వ్యాసము ప్రకటించెను. 1978లో నారా నగరములోని యమాతో బుంకకాన్ ప్రదర్శనశాల కొర్యో బౌద్ధచిత్రములను ఒకచోట చేర్చి ప్రదర్శించెను. విడివిడిగా చూచినపుడు పరాయి పేరుతో చెలామణి అయినవి, ప్రక్కప్రక్కన పెట్టగానే ఒక్క కుటుంబపువని స్పష్టమైనవి.

ఈ కథ విజ్ఞానవిద్యార్థులకు ఒక పాఠము. పరికరము తానడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును. దానిని మించి చెప్పించరాదు. రంగు, పట్టు, పద్ధతి, వ్రాత – వీనిలో ప్రతి సాక్షియు ఎంతవరకు చెప్పగలదో ఎరిగి, అన్నిటిని సరిచూచినపుడే తీర్పు నిలుచును. ఆనాడొక కొలతలవాడు తన పనికి సంబంధింపని నాలుగు పంక్తులను శ్రద్ధగా వ్రాసియుంచకపోయినచో, ఆ రాణి పేరును, ఆ చిత్రకారుల పేర్లును నేడు మనకు తెలియకనే పోయెడివి.