ప్రణాళికా సేవల పనితీరు పర్యవేక్షణ: ఇంగ్లండు స్థానిక మండళ్ల అనుభవం

స్థానిక సంస్థలు పౌరులకు అందించే సేవలలో భవన నిర్మాణ అనుమతుల మంజూరు ముఖ్యమైనది. అనుమతి ఆలస్యమైతే ఇల్లు కట్టుకొనే కుటుంబంపై అద్దె, వడ్డీల భారం పెరుగుతుంది. సరైన పరిశీలన లేకుండా అనుమతి ఇస్తే ఇరుగుపొరుగు ఇళ్లకు గాలి, వెలుతురు కొరవడడం, వాననీటి దారులు మూసుకుపోవడం వంటి నష్టాలు శాశ్వతంగా మిగిలిపోతాయి. అందువల్ల ఈ సేవల పనితీరును అంచనా వేయడానికి ఎన్ని రోజులలో అనుమతి ఇచ్చారన్న లెక్క ఒక్కటే చాలదు. ఇచ్చిన నిర్ణయం పైఅధికార సంస్థ పరిశీలనలో నిలిచిందా, అనుమతించిన మేరకే నిర్మాణం జరిగిందా అన్న విషయాలనూ దానితో కలిపి చూడవలసి ఉంటుంది. ఇంగ్లండులో మూడు వందలకు పైగా ఉన్న స్థానిక ప్రణాళికా సంస్థల అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నది.

చట్టపరమైన నేపథ్యం

బ్రిటన్‌లో 1947 పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 1948 జులై 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. భూమి సొంతమైనప్పటికీ దానిపై నిర్మాణం చేపట్టడానికి, దాని వినియోగాన్ని మార్చడానికి స్థానిక సంస్థ అనుమతి అవసరమన్న సూత్రాన్ని ఆ చట్టం నెలకొల్పింది. ఇప్పుడు ఇంగ్లండులో ఈ వ్యవస్థకు 1990 నాటి చట్టం ఆధారం. దరఖాస్తులలో 90 శాతానికి పైగా మండలి అప్పగించిన అధికారాల మేరకు అధికారులే పరిష్కరిస్తారు. వివాదాస్పదమైనవి, పెద్దవి మాత్రమే ఎన్నికైన సభ్యుల ప్రణాళికా కమిటీ ముందుకు వస్తాయి.

దరఖాస్తుల పరిష్కారానికి నిర్దేశించిన గడువులు ఇవి:

- సాధారణ దరఖాస్తులకు 8 వారాలు
- భారీ నిర్మాణాల దరఖాస్తులకు 13 వారాలు
- పర్యావరణ ప్రభావ మదింపు అవసరమైన వాటికి 16 వారాలు

పది లేదా అంతకు మించి ఇళ్లు నిర్మించే ప్రతిపాదనలను, వెయ్యి చదరపు మీటర్లు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో చేపట్టే భవనాలను భారీ నిర్మాణాలుగా పరిగణిస్తారు. గడువు ముగిసినంత మాత్రాన సాధారణ దరఖాస్తుకు అనుమతి లభించినట్లు కాదు. నిర్ణయం వెలువడలేదన్న కారణంపై ప్రభుత్వ సంస్థ అయిన ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు అప్పీలు చేసుకొనే హక్కు మాత్రం దరఖాస్తుదారునికి ఏర్పడుతుంది.

మండలి స్థాయిలో పర్యవేక్షణ

పర్యవేక్షణకు మూలం దరఖాస్తుల రిజిస్టరు. దరఖాస్తు అందిన తేదీ, అది సక్రమంగా ఉన్నట్లు నిర్ధారించిన తేదీ, ఇరుగుపొరుగువారికి సమాచారం పంపిన తేదీ, రహదారుల, పర్యావరణ శాఖల అభిప్రాయాలు అందిన తేదీ, తుది నిర్ణయం వెలువడిన తేదీ అందులో నమోదవుతాయి. వీటి ఆధారంగా ఏ దరఖాస్తు ఏ దశలో నిలిచిపోయిందో విభాగాధిపతి తెలుసుకోగలుగుతారు. ఆలస్యానికి పరిశీలనాధికారి కారణమా, అభిప్రాయం పంపని మరో శాఖ కారణమా, అసంపూర్ణమైన నమూనా పటాలు సమర్పించిన దరఖాస్తుదారుడు కారణమా అన్నది కూడా తేలుతుంది.

సాధారణంగా నెలవారీ నివేదిక విభాగాధిపతికి, మూడు నెలలకు ఒకసారి సమగ్ర నివేదిక ఎన్నికైన సభ్యుల కమిటీకి అందుతాయి. లక్ష్యాన్ని చేరిన అంశాలను ఆకుపచ్చ రంగుతోను, వెనుకబడిన వాటిని పసుపు, ఎరుపు రంగులతోను సూచించడం అనేక మండళ్లలో అమలులో ఉన్న పద్ధతి. గడువులోగా పరిష్కరించిన దరఖాస్తుల శాతం, పెండింగు దరఖాస్తుల సంఖ్య, ఒక్కో అధికారి వద్ద ఉన్న పనిభారం, అప్పీళ్ల ఫలితాలు, అక్రమ నిర్మాణాలపై అందిన ఫిర్యాదుల పరిష్కారం ఈ నివేదికలలో ప్రధానాంశాలు. వీటిలో గడువుకు, నిర్ణయాలకు సంబంధించిన వివరాలను మండళ్లు మూడు నెలలకు ఒకసారి కేంద్ర ప్రభుత్వానికి పంపుతాయి. ప్రభుత్వం వాటిని మండలివారీగా ప్రచురిస్తుంది.

ఈ లెక్కలలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. గడువు లెక్క సక్రమమైన దరఖాస్తు అందిన నాటి నుంచే మొదలవుతుంది. ఏ చిన్న లోపమున్నా దరఖాస్తును తిప్పి పంపే మండలి నివేదికలో వేగంగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. దరఖాస్తుదారుడు మాత్రం వారాల తరబడి వేచి ఉంటాడు. కాబట్టి దరఖాస్తు తొలిసారి అందిన తేదీ నుంచి తుది నిర్ణయం వరకు పట్టిన మొత్తం కాలాన్ని కూడా లెక్కించినప్పుడే పౌరుని అనుభవం నివేదికలో ప్రతిబింబిస్తుంది.

వేగమే లక్ష్యమైన కాలం

ప్రభుత్వం 2002లో జాతీయ లక్ష్యాలను ప్రకటించింది. భారీ దరఖాస్తులలో 60 శాతాన్ని 13 వారాలలో, చిన్న నిర్మాణాల దరఖాస్తులలో 65 శాతాన్ని, ఇతర దరఖాస్తులలో 80 శాతాన్ని 8 వారాలలో పరిష్కరించాలని నిర్దేశించింది. 2003 నుంచి మంచి ఫలితాలు సాధించిన మండళ్లకు ప్రత్యేక గ్రాంటు కూడా మంజూరు చేసింది. గడువులోగా పరిష్కారమైన దరఖాస్తుల శాతం గణనీయంగా పెరిగింది.

అయితే ఈ విధానం కొన్ని అవాంఛనీయ ధోరణులకు కూడా దారి తీసింది. గృహనిర్మాణ అనుమతులపై జాతీయ ఆడిట్ కార్యాలయం 2008 డిసెంబరులో వెలువరించిన నివేదిక వీటిని ఎత్తిచూపింది. పదమూడో వారం సమీపించగానే కొన్ని దరఖాస్తులను తిరస్కరించడం, కొన్నింటిని ఉపసంహరించుకొని మళ్లీ సమర్పించవలసిందిగా సూచించడం జరిగేది. గడువు దాటిపోయిన దరఖాస్తు ఇక లక్ష్య సాధనకు తోడ్పడదు గనుక దానికి ప్రాధాన్యం తగ్గేది. చర్చించి సరిదిద్దదగిన ప్రతిపాదన తిరస్కరణకు గురైనా అంకెలలో అది సకాలంలో జరిగిన పరిష్కారంగానే నమోదయ్యేది. 2008లో ప్రవేశపెట్టిన 198 జాతీయ సూచికలలో ప్రణాళికా దరఖాస్తుల వేగానికి కూడా స్థానం లభించింది. 2010లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఆ సూచికల విధానానికి స్వస్తి చెప్పింది.

2013 చట్టం: వేగంతో పాటు నాణ్యత

వృద్ధి, మౌలిక సదుపాయాల చట్టం 2013 పర్యవేక్షణకు కొత్త రూపం ఇచ్చింది. పనితీరు నిర్ణీత స్థాయికి దిగువన ఉన్న మండలిని ప్రత్యేకంగా గుర్తించి ప్రకటించే అధికారాన్ని మంత్రికి కల్పించింది. అలా ప్రకటించిన మండలి పరిధిలోని దరఖాస్తుదారులు మండలిని ఆశ్రయించకుండా నేరుగా కేంద్ర ప్రభుత్వానికే దరఖాస్తు చేసుకోవచ్చు; ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ వాటిని పరిశీలిస్తుంది. ఎన్నికైన స్థానిక సంస్థకు ఇది తీవ్రమైన పరిణామం. తన ప్రాంతం ఎలా రూపుదిద్దుకోవాలో నిర్ణయించే అధికారంలో కొంత భాగం దాని చేయి దాటిపోతుంది.

భారీ దరఖాస్తుల వేగానికి సంబంధించిన కనీస స్థాయిని 2013లో 30 శాతంగా నిర్ణయించారు. దానిని దశలవారీగా పెంచి 2018 నాటికి 60 శాతం చేశారు. ఇతర దరఖాస్తులకు ఆ స్థాయి 70 శాతం. నాణ్యతను కొలవడానికి అప్పీళ్ల ఫలితాలను ఆధారంగా తీసుకున్నారు. మండలి వెలువరించిన మొత్తం నిర్ణయాలలో ఎన్ని అప్పీలులో తారుమారయ్యాయో లెక్కిస్తారు. 2018 నుంచి దీనికి పరిమితి 10 శాతం. అప్పీళ్లు తేలడానికి వ్యవధి పడుతుంది గనుక రెండేళ్ల నిర్ణయాలను పరిశీలించేటప్పుడు మరో తొమ్మిది నెలల వ్యవధిని కలుపుతారు.

వేగం విషయంలో వెనుకబడినందుకు ఈ చట్టం కింద 2013లో మొదట ప్రకటించిన మండలి లెస్టర్‌షైర్‌లోని బ్లేబీ. భారీ దరఖాస్తులపై నిర్ణయాల నాణ్యత కారణంగా ఎసెక్స్‌లోని అట్లిస్‌ఫర్డ్ మండలిని 2022 ఫిబ్రవరిలో ప్రకటించారు. చిన్న మండళ్లకు నాణ్యతా సూచిక కఠినమైన పరీక్ష. ఉదాహరణకు రెండేళ్లలో 40 భారీ దరఖాస్తులు మాత్రమే పరిష్కరించిన మండలిలో ఐదు నిర్ణయాలు అప్పీలులో తారుమారైతే అది 12.5 శాతం అవుతుంది. అధికారులు అనుమతికి సిఫారసు చేసిన దరఖాస్తులను కమిటీ తగిన కారణాలు చూపకుండా తిరస్కరించడం వల్ల ఇటువంటి పరిస్థితి ఏర్పడవచ్చు. మండలి వైఖరి అసమంజసమని తేలితే ఎదుటి పక్షం ఖర్చులను చెల్లించవలసి వస్తుంది. అందుకే ఎన్ని సందర్భాలలో కమిటీ అధికారుల సిఫారసును కాదన్నదీ, వాటిలో ఎన్ని అప్పీలులో నిలిచాయన్నదీ విడిగా నమోదు చేసుకోవడం మండలికి మేలు చేస్తుంది.

పొడిగింపు ఒప్పందాల ప్రభావం

మండలి, దరఖాస్తుదారుడు లిఖితపూర్వకంగా అంగీకరిస్తే గడువును పొడిగించుకోవచ్చు. ఆ కొత్త తేదీలోగా నిర్ణయం వెలువడితే 2013 నుంచి దానిని సకాలంలో జరిగిన పరిష్కారంగానే లెక్కిస్తున్నారు. చర్చల ద్వారా ప్రతిపాదనను మెరుగుపరచడానికి ఈ వెసులుబాటు తోడ్పడింది. కాలక్రమంలో ఈ ఒప్పందాల వాడకం విపరీతంగా పెరిగింది. ఫలితంగా జాతీయ గణాంకాలలో అత్యధిక మండళ్లు లక్ష్యానికి ఎంతో పైన కనిపించగా, చట్టబద్ధమైన అసలు గడువులో పరిష్కారమైన వాటి శాతం అంతకంటే చాలా తక్కువగా ఉంది. పొడిగింపులను మినహాయించి పనితీరును కొలవాలన్న ప్రతిపాదనపై ప్రభుత్వం 2024 మార్చిలో అభిప్రాయ సేకరణ జరిపింది.

దరఖాస్తుదారునికి మరో రక్షణ కూడా ఉంది. పొడిగింపునకు అంగీకారం లేకుండా 26 వారాలు గడిచినా నిర్ణయం వెలువడకపోతే చెల్లించిన ఫీజును మండలి వాపసు చేయవలసి ఉంటుంది. భారీ నిర్మాణాలు కాని దరఖాస్తులకు ఈ వ్యవధిని 2023 డిసెంబరులో 16 వారాలకు తగ్గించారు. అదే సమయంలో సేవల నిర్వహణ వ్యయాన్ని దృష్టిలో ఉంచుకొని ఫీజులను భారీ దరఖాస్తులకు 35 శాతం, ఇతర దరఖాస్తులకు 25 శాతం పెంచారు.

అనుమతి తరువాతి దశ

అనుమతి కాగితంతో పర్యవేక్షణ ముగియదు. 2004 చట్టం ప్రతి స్థానిక సంస్థ తన ప్రణాళిక అమలుపై వార్షిక నివేదిక రూపొందించాలని నిర్దేశించింది. 2011 స్థానికతా చట్టం దానిని ప్రజలకు నేరుగా అందుబాటులో ఉంచే నివేదికగా మార్చింది. ఎన్ని ఇళ్లకు అనుమతి ఇచ్చారన్న దానితో పాటు ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయన్నది ఇందులో కీలకాంశం.

2018లో ప్రవేశపెట్టిన గృహ లభ్యతా పరీక్ష ఈ లెక్కకు పదును పెట్టింది. గత మూడేళ్లలో అవసరమైన ఇళ్లలో 95 శాతం కంటే తక్కువ పూర్తయితే మండలి కార్యాచరణ ప్రణాళిక రూపొందించాలి. 85 శాతం కంటే తగ్గితే గృహనిర్మాణానికి 20 శాతం అదనపు భూమిని గుర్తించాలి. 75 శాతం కంటే తగ్గితే దరఖాస్తుల పరిశీలనలో అనుమతికి అనుకూలమైన సూత్రం వర్తిస్తుంది. అనుమతి పొందిన తరువాత నిర్మాణం చేపట్టడం బిల్డరు చేతిలో ఉన్న విషయం కాబట్టి ఈ పరీక్ష తమకు న్యాయం చేయడం లేదని మండళ్లు వాదిస్తూ వచ్చాయి.

అక్రమ నిర్మాణాల విషయంలో 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండులో చర్య తీసుకొనే కాలపరిమితిని సాధారణంగా పదేళ్లుగా ఏకీకృతం చేశారు. అంతకు ముందు కొన్ని రకాల ఉల్లంఘనలకు అది నాలుగేళ్లే. విధి నిర్వహణలో లోపం వల్ల నష్టపోయిన పౌరులు 1974లో ఏర్పడిన స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. నిర్ణయం మంచిదా కాదా అన్నది అంబుడ్స్‌మన్ పరిశీలించరు. నిర్ణయం తీసుకున్న తీరు సక్రమంగా ఉందా అన్నదే పరిశీలిస్తారు.

తెలుగు రాష్ట్రాలతో సంబంధం

తెలుగు ప్రాంతాల పట్టణ ప్రణాళికా వ్యవస్థకు బ్రిటిష్ చట్టాలతో చారిత్రక సంబంధం ఉంది. బ్రిటన్‌లో 1909లో తొలి పట్టణ ప్రణాళికా చట్టం రాగా, ఆ బాటలోనే 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వెలువడింది. రాష్ట్రాల పునర్విభజనల తరువాత కూడా అది పేరు మార్చుకొని ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో కొనసాగింది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణాల నియంత్రణ మొదటి రెండు అంశాలుగా ఉన్నాయి.

గడువు దాటినప్పుడు ఏమి జరగాలన్న విషయంలో తెలంగాణ 2020లో భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు నిర్మించే ఇంటికి అనుమతి అవసరం లేకుండా రూపాయి రుసుముతో నమోదు సరిపోతుంది. 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు నిర్మాణాలకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి కల్పించారు. మిగిలిన వాటికి 21 రోజుల గడువు విధించి, ఆ లోగా నిర్ణయం రాకపోతే అనుమతి లభించినట్లే పరిగణించాలని నిర్దేశించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన వార్డు సచివాలయ వ్యవస్థలో ప్లానింగ్ కార్యదర్శులను నియమించి క్షేత్రస్థాయి పరిశీలనను వార్డుకు చేరువ చేశారు.

తక్షణ అనుమతి ఉన్నచోట వేగాన్ని కొలిచే సూచిక దాదాపు ఎల్లప్పుడూ సంతృప్తికరంగానే ఉంటుంది. అక్కడ పర్యవేక్షణ భారం అనుమతి తరువాతి తనిఖీపైకి మారుతుంది. స్వీయ ధ్రువీకరణలలో ఎన్నింటిని క్షేత్రస్థాయిలో పరిశీలించారు, ఎన్నింటిలో తప్పుడు వివరాలు బయటపడ్డాయి, నిర్ణయం లేకుండానే గడువు దాటి ఎన్ని అనుమతులు వెలువడ్డాయి, నివాసయోగ్యతా పత్రం పొందిన భవనాలు ఎన్ని అన్నవి కీలక సూచికలవుతాయి. అనుమతుల సంఖ్య పక్కన ఈ నాలుగు అంకెలను వార్డువారీగా ప్రచురిస్తే, తన వీధిలో లేచిన భవనం నిబంధనల మేరకు ఉన్నదో లేదో కౌన్సిలరు, పౌరుడు ఇద్దరూ ప్రశ్నించగలుగుతారు.