పాపాఘ్ని తీరాన పసరు మందు నుంచి పెన్సిలిన్ దాకా

పాపాఘ్ని గండి దగ్గర కొండను చీల్చుకుని, వేంపల్లెను ఒరుసుకుంటూ సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఎండాకాలం వస్తే ఏటి ఇసుకలో చెలమలు తోడుకుని గొంతు తడుపుకున్న ఈ పల్లెలకు ఒకప్పుడు నీటితోపాటే జబ్బులూ అందేవి. వాంతిభేదికి మారెమ్మే దిక్కు. పొలిమేరలో పొలి చల్లడమే కట్టడి. 1876-78 నాటి ధాత కరువులో దత్తమండలాల జనం ఆకలితో చస్తుంటే, వెన్నంటి వచ్చిన కలరా మిగిలినవాళ్ల మీద పడింది. కలరా సూక్ష్మజీవి నీటిలో దాగి ఉంటుందని రాబర్ట్ కోచ్ కలకత్తాలో తేల్చింది 1884లో. ఆ కబురు సీమ పల్లెకు చేరి, నీళ్లు కాచుకోవడం ఒక అలవాటు కావడానికి తరాలు పట్టింది. ఆ తరాల్లో నాటు వైద్యుల పసరే వైద్యం. తిప్పతీగ, నేలవేము, వేప, తంగేడు, ఇంట్లో పసుపు కొమ్ము: వాళ్ల ఔషధాలయం అదే. దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. ఆనాడు లండనులోనూ కలరాకు ఖాయమైన మందు లేదు.

19వ శతాబ్దం చివర లండన్ మిషన్ వైద్యులు క్యాంప్‌బెల్ దంపతులు జమ్మలమడుగులో ఆసుపత్రి నిలబెట్టారు. చుట్టుపక్కల తాలూకాల రోగులు ఎడ్లబండ్ల మీద అక్కడికి చేరడం మొదలైంది. తర్వాతి మజిలీ మదనపల్లె. 1911 దాకా అది కడప జిల్లాలోదే. ఆ ఊరి పక్కన 1915లో తెరుచుకున్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దశాబ్దాలపాటు నడిపారు. అక్కడ మందంటే పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి. ఒక విధంగా అదీ ప్రకృతి వైద్యమే. కొందరు కోలుకునేవారు, ఎందరో కోలుకునేవారు కారు. 1943లో క్షయపై పనిచేసే స్ట్రెప్టోమైసిన్ పుట్టింది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటైంది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఐసోనియాజిడ్, పాస్ మందులు సక్రమంగా వాడితే ఇంట్లో ఉన్న రోగికీ శానిటోరియంలో ఉన్న రోగికీ ఫలితంలో తేడా లేదని చూపింది. కొండగాలి చేయలేని పనిని మాత్ర చేసింది.

యాంటీబయాటిక్‌లు తెచ్చిన ఈ మలుపులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అదే జబ్బు తనకు వచ్చినప్పుడు ఆయన్ను నిలబెట్టింది ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదం. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లి, లెడర్లీ పరిశోధనశాలకు పెద్ద అయ్యారు. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్ కుటుంబంలో అదే తొలిబిడ్డ. అది 1948లో లోకానికి వెల్లడైంది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆకు పసరును, మట్టి మందును ఒకే జీవితంలో గౌరవించినవాడాయన. నాటు మందు, ఇంగ్లీషు మందు అంటూ కత్తులు దూసుకునేవాళ్లు ఆయన కథ చదివితే బాగుండు.

1954లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ మొదలయ్యాక పెన్సిలిన్ ఇక్కడే తయారైంది. 1956లో కర్నూలు వైద్య కళాశాల వచ్చింది. పులివెందులలో 1973లో యువ డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. కడపకు 2006లో రిమ్స్ దక్కింది. వీటి మధ్య ఖాళీని నింపింది మాత్రం ఆరెంపీలే. "సూది వేయించుకుంటేనే జొరం తగ్గుతాది" అనే నమ్మకం వాళ్ల చేతుల మీదుగానే పాతుకుపోయింది. జలుబుకు వైరస్ కారణం, దానికి యాంటీబయాటిక్ ఏమీ చేయదు. అయినా అడిగిన మాత్ర షాపులో దొరికింది. సగం రోజులు మింగి మానేయడం ఆనవాయితీ అయింది. సూక్ష్మజీవి ఊరుకుంటుందా? పెన్సిలిన్‌ను విరిచే ఎంజైమును ఏబ్రహాం, చెయిన్ 1940లోనే గుర్తించారు. మందు ఇంకా జనానికి అందకముందే దాని విరుగుడు బాక్టీరియా దగ్గర ఉంది! పైగా ఆ విద్యను ఒక బాక్టీరియా మరో జాతికీ అందించగలదు. మందుల ఫ్యాక్టరీల మురుగూ దీనికి తోడైంది. 2007లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో ఆ మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో స్వీడన్ పరిశోధకులు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనుగొన్నారు. 2019లో ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా.

మరి పెరటి మందుల మాట? పరీక్షనాళికలో పసుపు, వేప బాక్టీరియాను అణచడం నిజమే. కానీ మింగిన పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. క్షయకు, టైఫాయిడుకు పసరును నమ్ముకోవడం ప్రాణంతో చెలగాటం. అయితే పరీక్షకు నిలిచినవీ ఉన్నాయి. విరేచనాలకు అవ్వలు పోసిన ఉప్పు గంజి అందులో మొదటిది. పిండిపదార్థం అరిగి చక్కెరగా మారితే, దాని వెంట ఉప్పును, నీటిని పేగు లోపలికి లాక్కుంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరాల్లో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు నీళ్లతో కలరా రోగులను బతికించిన కిటుకు ఇదే. ఇంకొకటి కొట్టంలో కనిపిస్తుంది. ఆవుకు పొదుగువాపు వస్తే 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం నూరి, నీళ్లతో పలుచన చేసి, పాలు పూర్తిగా పితికి, కడిగిన పొదుగుకు రోజుకు పలుమార్లు పూయమని జాతీయ పాడి అభివృద్ధి మండలి చెబుతోంది. మూడూ సీమలో దొరికేవే. పశువులకు యాంటీబయాటిక్ వాడకం తగ్గించేందుకు ఇదొక మార్గం. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

2014 నుంచి ఔషధ నియమాల హెచ్1 జాబితాలోని బలమైన యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. చీటీ మీద అమ్మినా రిజిస్టరులో రాయాలి. ఇలాంటి మందుల పట్టీ మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది. వేంపల్లె బజారులో మాత్ర కొనేటప్పుడు ఆ గీత చూడండి, చీటీ లేకుండా అడగకండి, డాక్టరు రాసినన్ని రోజులూ మింగండి.