టీ కప్పులోంచి లేచిన ఆవిరి

కృష్ణబిలాలు ఆవిరైపోతాయన్న ఊహకు మూలం ప్రిన్స్‌టన్‌లో ఒక టీ కప్పు. 1970ల తొలినాళ్లలో భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ తన శిష్యుడు జాకబ్ బెకెన్‌స్టైన్‌తో హాస్యమాడాడు. వేడి టీని చల్లటి టీ పక్కన పెడితే రెండూ గోరువెచ్చనవుతాయి. విశ్వంలో ఎంట్రోపీ, అంటే చిందరవందర, ఆ మేరకు పెరుగుతుంది. నేరం నాదే. కానీ ఆ కప్పుల్ని కృష్ణబిలంలో పడేస్తే సాక్ష్యం మిగలదుగా అన్నాడు.

శిష్యుడు నవ్వి ఊరుకోలేదు. నెలల తరబడి ఆలోచించి, సాక్ష్యం ఎక్కడికీ పోదని తేల్చాడు. బిలం అంచుకు ఘటనా దిగంతమని పేరు. అది దాటితే వెలుగు కూడా వెనక్కి రాదు. బిలం ఏది మింగినా ఆ అంచు వైశాల్యం పెరుగుతుంది. ఆ వైశాల్యమే ఎంట్రోపీకి కొలత అని 1972లో ప్రకటించాడు.

కేంబ్రిడ్జిలో స్టీఫెన్ హాకింగ్‌కు ఒళ్లు మండింది. ఆ వైశాల్యం తగ్గదని 1971లో నిరూపించింది తనే. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రత ఉండాలి. ఉష్ణోగ్రత ఉంటే వికిరణం రావాలి. దేన్నీ బయటికి వదలని బిలం నుంచి వికిరణమా! 1973లో బార్డీన్, కార్టర్‌లతో కలిసి రాసిన పత్రంలో వైశాల్యానికీ ఎంట్రోపీకీ ఉన్నది ఉత్త పోలికే, బిలం అసలు ఉష్ణోగ్రత సున్నా అని కొట్టిపారేశాడు.

అదే ఏడు సెప్టెంబరులో మాస్కో వెళ్లాడు. తిరిగే కృష్ణబిలాలు కణాల్ని వెదజల్లుతాయని అక్కడి శాస్త్రవేత్తలు జెల్డోవిచ్, స్టారోబిన్‌స్కీ చెప్పారు. వాళ్ల పద్ధతి నచ్చక హాకింగ్ తనే లెక్క కట్టాడు. తిరగని బిలం కూడా వెదజల్లుతోంది! ఎక్కడో తప్పు చేశాననుకున్నాడు. ఈ సంగతి బెకెన్‌స్టైన్ చెవిన పడుతుందేమోనని జంకాడు కూడా. లెక్క మాత్రం మారలేదు. 1974 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర రూథర్‌ఫర్డ్ లేబొరేటరీలో వివరిస్తే, సభాధ్యక్షుడు జాన్ టేలర్ అర్థంలేని మాటన్నాడు. మార్చి 1న ‘నేచర్’లో అచ్చయిన పత్రం శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది.

బిలం నుంచి వికిరణం ఎలా వస్తుంది? క్వాంటం సిద్ధాంతంలో శూన్యం బొత్తిగా ఖాళీ కాదు. అందులోని క్షేత్రాలు ఎప్పుడూ సన్నగా అదురుతుంటాయి. నక్షత్రం కుప్పకూలి బిలమయ్యేటప్పుడు ఆ అదురు సాగి, దూరాన ఉన్నవారికి వేడిగా తేలుతుంది. ఆ ఖర్చంతా బిలం ద్రవ్యరాశి నుంచే. వేడి పోతే టీ చల్లారుతుంది. బిలం మాత్రం చిక్కేకొద్దీ వేడెక్కి, చివరికి పేలుతుంది.

సూర్యుడంత బరువున్న బిలం వేడి, పరమశూన్య ఉష్ణోగ్రత మీద డిగ్రీలో పది కోట్ల వంతుల్లో ఆరు. చుట్టూ ఉన్న ఆకాశమేమో 2.7 డిగ్రీలు. కాబట్టి ఇప్పటికి దానికి రాబడే ఎక్కువ. అది పూర్తిగా ఆవిరి కావాలంటే 1 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు కావాలి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే! విశ్వం పుట్టిన కొత్తలో సుమారు 50 కోట్ల టన్నులతో, ప్రోటాన్ పరిమాణంలో బిలాలు ఏర్పడి ఉంటే, అవి ఈ కాలంలోనే పేలాలి. ఒక్కటీ ఇంకా కంటపడలేదు.

2018లో హాకింగ్ చితాభస్మాన్ని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంచారు. పైనున్న రాతి మీద చెక్కింది కృష్ణబిలం ఉష్ణోగ్రత సూత్రం. ఒకప్పుడు అతను సున్నా అని కొట్టిపారేసింది దాన్నే.