అటకమీది ఖడ్గము

మా కౌడిపల్లిలో ఒక యింటి అటకమీద పాతచీరలో చుట్టిన ఖడ్గ మొకటి చాలకాలము పడియుండెను. ఆ యింటి గృహిణి మామగారు రెండవ ప్రపంచయుద్ధమున సైన్యములో పనిచేసి దానిని బర్మానుండి తెచ్చినారట. ఆయన గతించిరి, కుమారుడును గతించెను. మనుమరాలి చదువునకు సొమ్ము కావలసివచ్చి ఆ యిల్లాలు దానిని క్రిందికి దింపించెను. పట్టణమునుండి వచ్చిన వర్తకు డొకడు ఒరను మాత్రమే చూచి, "ఇది మిలిటరీ కత్తి. పాత యినుము వెలకంటె నెక్కువ రాదు" అని చెప్పిపోయెను. ఆమె నాకు కబురంపి, "సారూ, మీరు చదువుకొన్నవారు గదా, ఇది నిజమేనా?" అని యడిగెను. నేను చదివినవి సంస్కృతాంగ్లములు. ఉక్కును చదువుట నాకు రాదు. అయినను గ్రంథములు తిరుగవేసి తెలిసికొన్నంతవర కిచట వ్రాయుచున్నాను. ఇట్టి వస్తువులు మన జిల్లాలలో మరికొన్ని యిండ్లలో నుండకపోవు.

జపాను ఖడ్గము తెలుగునాటి కెట్లు వచ్చెనని యాశ్చర్యపడ నక్కరలేదు. 1941 డిసెంబరులో జపాను సేనలు మలయా తీరమున దిగినప్పుడు కోటబారు విమానాశ్రయమును కాచినవారిలో హైదరాబాదు సంస్థానపు పదాతిదళ మొకటి యుండెను. ఆనాడు మనవా రోడిరి. 1945లో జపాను లొంగిపోయినప్పుడు, ఆ దేశపు సేనానాయకులు తమ ఖడ్గములను స్వయముగా సమర్పింపవలెనని మౌంట్‌బాటెన్ పట్టుపట్టెను. అట్లు చేజిక్కినవియు, యుద్ధభూమిలో దొరకినవియు ననేకములు సైనికుల వెంట దేశదేశముల యిండ్లకు చేరినవి.

వర్తకుడు పొరపడినది ఒరయందే. 1876లో జపాను ప్రభుత్వము సామాన్యముగా ఖడ్గధారణమును నిషేధించెను. తరతరములుగా వచ్చిన ఖడ్గము లప్పుడు పెట్టెలలోనికి పోయినవి. 1934లో సైన్యము పూర్వపు పద్ధతి పిడిని, ఒరను మరల ప్రవేశపెట్టగా, కొందరు అధికారులు తాతముత్తాతల అలుగునే తీసి క్రొత్త యొరలో నమర్చుకొనిరి. కాబట్టి పైవేషము సిపాయిదియైనను లోపలి యుక్కు మూడు నాలుగు శతాబ్దముల నాటిది కావచ్చును. దీనికి విరుద్ధముగ, 1935లో క్రింది తరగతి నాయకులకై యంత్రములతో చేయించినవానిపై వరుససంఖ్య గ్రుద్దియుండును. అవి చరిత్రకు సాక్ష్యములే గాని కళాఖండములు గావు. నేటి జపాను చట్టముకూడ సంప్రదాయరీతిని సుత్తితో సాగగొట్టిన ఖడ్గములనే కళావస్తువులుగా నమోదు చేయును.

మే మా యింటి ఖడ్గపు పిడిలోని వెదురుమేకును మెల్లగా తట్టి తీసితిమి. పిడిలో దాగియుండు అలుగు తోకయే ఖడ్గమునకు జాతకము. కమ్మరి తన పేరు చెక్కునది అచ్చటనే. అచ్చటి త్రుప్పు రంగునుబట్టియే వయస్సు నూహింతురు; ఎఱ్ఱని త్రుప్పు క్రొత్తది, నల్లబడి నున్ననైనది ప్రాతది. మేము చూచినది నల్లగా నుండెను. మేకునకు ఒక రంధ్రము చాలియుండగా రెండు కనబడెను. పేరు మాత్రము లేదు. పొడుగు ఖడ్గమును కురుచచేయుటకు తోకను కోయుట పూర్వ మాచారము. పేరు గల ముక్క దానితో పోయియుండవచ్చును. పేరున్నచో మేలయ్యెడిదా యన్న, అదియు నిశ్చయము గాదు. ప్రసిద్ధులైన కమ్మరుల పేళ్ల దొంగచెక్కుడులు జపానులో శతాబ్దములుగా నున్నవి. పేరు లేని మంచి యలుగు దొంగపేరుగల యలుగుకంటె గౌరవము పొందును. 1948లో అచ్చట స్థాపితమైన ఖడ్గకళా పరిరక్షణ సంఘమువారు ఇట్టివానిని పరీక్షించి నిర్ణయపత్రము లిచ్చుచున్నారు.

తోక మిగిలెనని సంతసించితిని గాని, అలుగును చూడగా నా మనస్సు చివుక్కుమన్నది. ఒక దసరాకు ఆ యింటి పిల్లవాడు ఇటికపొడితోను చింతపండుతోను దానిని తళతళలాడునట్లు తోమియుండెను. వాదరవెంట మబ్బువలె పారవలసిన తెల్లని రేఖ యొక మూల మాత్రమే కనబడెను. మట్టిపూత పూసి, కాల్చి, నీట ముంచినప్పుడు పుట్టునదియే ఆ రేఖ. దానిని మరల తెప్పింప నేర్చినవారు ఎక్కువగా జపానులోనే యున్నారు. ఆ కూలి ఒక్కొక్కప్పుడు ఖడ్గపు వెలను మించును. వాదరలో అడ్డముగా వెండ్రుకవాసి పగులున్నదా యనియు చూచితిమి. అది యొక్కటి యున్న నెంతటి ఖడ్గమైనను వెల కోల్పోవును. మా కంటికి కనబడలేదు.

ఈ తోముడు మన ఖడ్గములకును శత్రువే. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరగించిన యుక్కును కొనుటకు పారసీక వర్తకులు ఇస్ఫహానునుండి వచ్చుచుండిరని, అచ్చటికి స్వయముగ వెళ్లిన వాయిసీ యను భూశాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఆ వ్యాసము 1832లో కలకత్తాలో అచ్చయినది. అట్టి యుక్కుతో చేసిన అలుగుపై నీటి యలలవంటి గీతలుండును. ఇటికపొడి పెట్టి తోమిన నవి మాయమై, అది మామూలు కత్తివలె కనబడును. అట్లు తోమి, పిదప పాతసామానులవానికి తూకమున కమ్మిన యిండ్లెన్నియో! మన యూరి యుక్కును పారసీకులు వెదకికొనుచు వచ్చిరి. మనము తూకమున కిచ్చితిమి.

ఇక వెల. విదేశపు వేలములలో పలికిన సంఖ్యలను విని ఆ యిల్లాలు మురియరాదని చెప్పితిని. ఏలయన నూరేండ్లు నిండిన కళావస్తువును, 1972 నాటి చట్టమునుబట్టి, మనవంటివారు దేశము దాటింపరాదు. ఇచ్చటనే అమ్ముకొనవలెను. 1959 నాటి ఆయుధచట్టపు సంగతిని ఠాణాలో విచారించుటయు నవసరము. జపాను వెలలో కొంతభాగమే యిచ్చట రావచ్చును. అయినను అది పాతయినుము వెల గాదు.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప దానిని మరల పాతచీరలో చుట్టబోవగా, బట్ట చెమ్మ పీల్చునని వారించి, జపానువారు లవంగపు వాసనగల పలుచని నూనెను పూయుదురని చెప్పితిని. "మా మామగారును ఏడాది కొకసారి ఏదో నూనె రాచెడివారు. ఎవ్వరిని తాకనిచ్చెడివారు గారు. ముసలితనపు చాదస్త మనుకొంటిమి" అని యామె యనెను.