ఆగస్టు 20: సికింద్రాబాదు దోమ – ఒక స్మారకదినపు చారిత్రక పరిశీలన

ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. 1897లో ఆ రోజున బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో ఒక దోమ కడుపును కోసి చూశాడు. 2022లో ఈ సంఘటనకు 125 ఏళ్లు నిండాయి. దోమ కాటు వల్ల మలేరియా వస్తుందని రాస్ ఆ రోజే కనుగొన్నాడన్న వాక్యం తెలుగు పాఠ్యపుస్తకాల్లోను, పత్రికా వ్యాసాల్లోను స్థిరపడిపోయింది. ఆ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఆ రోజు నిరూపితమైనదానికంటే అది ఎక్కువ చెబుతున్నది.

అప్పటికి మలేరియా పరాన్నజీవి శాస్త్రలోకానికి కొత్త కాదు. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో దానిని రోగి నెత్తుటిలో గుర్తించాడు. అది మనిషి దేహం నుంచి బయటపడే దారి ఏదన్నదే తేలని ప్రశ్న. లండనులోని పాట్రిక్ మాన్సన్ దోమను అనుమానించాడు గాని, దోమ నీళ్లలో చచ్చి, ఆ నీటిని తాగిన మనిషికి జ్వరం సోకుతుందని ఊహించాడు. రాస్ కూడా మొదట ఆ దారినే నడిచి, దోమలు చచ్చిన నీటిని కొందరిచేత తాగించి చూశాడు. తెలుగువారు ఈ జ్వరాన్ని చలిజ్వరమని, మన్యపు జ్వరమని పిలిచారు. మొదటిది లక్షణాన్ని బట్టి, రెండవది తావును బట్టి వచ్చిన పేరు. ఇటలీ నుంచి వచ్చిన 'మలేరియా'కు చెడుగాలి అని అర్థం. ఈ పేర్లలో దేనిలోనూ దోమ లేదు. కారణం తెలిసిన తరువాత కూడా 'మలేరియా' అన్న పేరు నిలిచిపోయిందన్నది గమనింపదగిన విషయం.

1897 ఆగస్టులో బేగంపేట ఆసుపత్రిలో రాస్ పరిశోధన దాదాపు నిరాశలో ఉంది. గాలికి దోమలు చెదిరిపోతాయని పంకా ఆపించి, ఉక్కలో పనిచేసేవాడు. సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పు పట్టాయి. అంతవరకు అతడు కోసిన దోమలు మలేరియాను మోసే జాతివి కావు. సహాయకులు తెచ్చిన పిల్లపురుగుల నుంచి చుక్కల రెక్కల దోమలు పుట్టినప్పుడే కథ మలుపు తిరిగింది. 'అనాఫిలిస్' అన్న పేరు అప్పటికి శాస్త్రంలో ఉన్నా, తన ముందున్నది ఆ దోమే అని రాస్ ఎరుగడు. రెక్కల మీది మచ్చలే అతనికి గుర్తు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలచేత కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ముట్టింది. తరువాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నింటిని కోసినా ఏమీ కనబడలేదు. 20న, శుక్రవారం, మిగిలినవి రెండే. వాటిలో ఒకదాని కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటి లోపల నల్లని రేణువులు కనిపించాయి. అవి లావెరాన్ నెత్తుటిలో చూసిన రేణువుల వంటివే. మరునాడు రెండవ దోమను కోయగా అవే కణాలు మరింత పెద్దవై ఉన్నాయి. ఒక్క రోజులో పెరిగాయంటే అవి దోమ సొంత కణాలు కావు, దానిలో బతుకుతున్న మరో జీవి అని తేలింది. కాబట్టి తర్కం పూర్తయినది 21న. స్మరణ మాత్రం 20కి దక్కింది. ఆ తేదీకి 'దోమల దినం' అన్న పేరు పెట్టినది రాస్ తానే కావడం ఇందుకు ఒక కారణం. అతడు కవి, నవలాకారుడు కూడా. విజయాన్ని వెంటనే పద్యంగా కట్టుకున్నవాడు దినాన్ని కూడా తానే ఎంచుకోవడంలో వింత లేదు.

అయితే ఆ రెండు దోమలు చెప్పినది సగమే. పరాన్నజీవి దోమలో పెరుగుతుందని తెలిసింది గాని, తిరిగి మనిషిని ఎలా చేరుతుందో తెలియలేదు. ఇంతలో రాస్‌ను రాజపుటానాకు బదిలీ చేశారు. తరువాత 1898 జూలైలో కలకత్తాలో, పిచ్చుకల మలేరియా మీద పనిచేస్తూ, దోమ లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవిని చూశాడు. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు కాటు ద్వారా వ్యాధిని సోకించాడు. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ పాత్రను ఆ ఏడాది చివర నిరూపించినవారు గ్రాసీ, బిన్యామీ, బాస్టియానెల్లీ అనే ఇటలీ శాస్త్రజ్ఞులు. 1902 నోబెల్ బహుమతి మాత్రం రాస్ ఒక్కనికే వచ్చింది. గ్రాసీతో అతని వివాదం జీవితాంతం చల్లారలేదు.

ఈ లెక్కన సికింద్రాబాదు, కలకత్తా, రోము మూడూ ఒకే నిరూపణలోని అంచెలు. మొదటి అంచె విలువ దీనివల్ల తగ్గదు. ఏ జాతి దోమలో వెతకాలో, కడుపులో ఎక్కడ చూడాలో తేల్చినది అదే. బేగంపేటలోని ఆ భవనం తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థగా అతని పేరును మోసింది. పిల్లపురుగులను వెతికి తెచ్చిన సహాయకుల పేర్లు ఆ ఉత్సవ ప్రసంగాల్లో వినబడవు. హుసేన్ ఖాన్ పేరు మాత్రం అణాల లెక్కతో కలిసి నిలిచింది. పది దోమలకు పది అణాలు.