ఉద్దానపు విందులో తీపి

ఇంటికి పదిమంది అతిథులు రానున్నారు. చేతిలోని సొమ్ము మితము. అన్నము, పప్పు, కూర, పులుసు ఏదో విధముగా సమకూరును. భోజనము ముగియు వేళకు విస్తరిలో ఏ తీపి వడ్డింపవలెనన్నదే గృహిణిని వేధించు ప్రశ్న. ఇది వంటింటి విషయముగా మాత్రమే తోచవచ్చును. కాని మందస, పలాస, టెక్కలి ప్రాంతములలోను, సముద్రతీరపు ఉద్దానములోను ఈ ప్రశ్నకు లభించిన సమాధానములను పరిశీలించినచో, ఆ సీమ చరిత్ర కొంత మన కన్నుల యెదుట నిలుచును.

ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఇసుకనేలలో కొబ్బరి, పనస, మామిడి, తాటి, జీడిమామిడి చెట్లు దట్టముగా పెరిగిన సీమ యిది. అందుచేత ఇచ్చటి సామాన్యుని తీపి అంగడినుండి గాక పెరటినుండియే వచ్చెను. వేసవిలో పనసతొనలు, తాటిముంజలు, చలికాలములో తేగలు, ఏడాది పొడుగునను కొబ్బరి. తురిమిన కొబ్బరిని బెల్లపు పాకములో ఉడికించి ఉండకట్టినచో కొబ్బరిలౌజు సిద్ధమగును. మామిడిరసమును చాపపై పొరలుపొరలుగా ఎండబెట్టినచో తాండ్ర యగును. అది వానకాలపు అతిథికి కూడ నిలువయుండును. వీనిలో కొనవలసినది బెల్లము మాత్రమే.

మందస పేరు చెప్పగానే జిల్లావాసులకు కోవా జ్ఞప్తికి వచ్చును. కోవా రుచికి కారణము ఓర్పు, ఖరీదుకు కారణము పాలు. లీటరు గేదెపాలు సన్నని మంటపై ఇగిరి ఇగిరి రమారమి 200 గ్రాముల ముద్దగా మిగులును. అనగా అయిదుపాళ్ళలో నాలుగుపాళ్ళు ఆవిరియై పోవును. అంతసేపు మంట నిలుపుటకు వంటచెరకు కావలెను. ఒకప్పుడు ఈ సీమలో కట్టెయు సులభముగా దొరకునది కాదు. మందస జమీందారీలో అడవి కలపను తెచ్చుకొను హక్కుకై రైతులు పోరాడిరి. 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురములో జరిగిన పోలీసు కాల్పులలో సాసుమాను గున్నమ్మ మరికొందరితోపాటు ప్రాణములు విడిచెను. పొయ్యిలోని కట్టె వెనుకను ఇట్టి చరిత్ర యున్నదని మనము మరువరాదు.

ఇక జీడిపప్పు. నేడు పలాస పేరుతో విడదీయరాని ఈ పప్పు ఈ నేలకు పుట్టుకతో వచ్చినది కాదు. దీని జన్మస్థానము బ్రెజిలు దేశము. 16వ శతాబ్దములో పోర్చుగీసువారు దీనిని భారతదేశపు పడమటి తీరమునకు తెచ్చిరి. మనవారికి అంతకుముందే నల్లజీడి తెలియును. దానివలెనే ఈ కొత్త గింజ పెంకులోను ఒడలిని పొక్కించు రసముండుటచేత, చెట్టు మామిడిని పోలియుండుటచేత, జీడిమామిడియను పేరు దీనికి చక్కగా అమరినది. 1890వ దశకములో తూర్పుతీరపు రైలుమార్గము ఏర్పడినది. ఆ మార్గముపై నున్న పలాసకు దూరపు అంగళ్ళతో సంబంధము కలిగెను. కాల్చుట, పెంకు కొట్టుట, పొట్టు తీయుట, ఏరుట అను పనులు ఇచ్చటి వేలకొలది కుటుంబములకు జీవనాధారమైనవి. ఈ పనులలో అధికభాగము స్త్రీలదే. పెంకులోని రసము వారి వ్రేళ్ళను కాల్చును. ఆ చేతులు ఏరియుంచిన తెల్లని గుండ్లు దూరపు నగరములకు పోవుచుండగా, ఏరినవారి యింటి విందులో అవి అరుదుగానే కనిపించుట విచారింపదగిన సంగతి.

అయినను ఇందొక ఉపాయము కలదు. పప్పు వెల పరిమాణమును బట్టియు, విరగకుండుటను బట్టియు నిర్ణయమగును. పౌనుకు 180 తూగు పెద్ద గుండ్లకు వెల అధికము. 320 తూగు గుండ్లకు తక్కువ. బద్దలకు, ముక్కలకు ఇంకను తక్కువ. రుచిలో మాత్రము భేదము లేదు. పాయసములో వేయు పప్పును ఎట్లును విరిచియే వేయుదుము గదా! దానికి ముక్కలే చాలును.

ఈ విచక్షణ మనదేశమునకే పరిమితము కాదు. స్విట్జర్లాండులో ఫాండ్యూ అను వంటకము కలదు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కరిగినదని అర్థము. జున్నును ద్రాక్షసారాయములో కరిగించి, ఒకే పాత్రచుట్టు అందరును కూర్చుండి, రొట్టెముక్కలను పొడవాటి ముల్లుగరిటెలతో అందులో ముంచుకొని తిందురు. జున్నును ద్రాక్షసారాయముతో వండు విధానము 1699 నాటి జూరిచ్ వంటపుస్తకమొకదానిలో కనిపించును. దానిని దేశీయ వంటకముగా ప్రచారము చేసినది మాత్రము 1930వ దశకములో అచ్చటి జున్ను వర్తకుల సంఘము. అంత జిడ్డైన భోజనమునకు తోడుగా ఊరవేసిన చిన్న దోసకాయలు, చివర పండ్లు చాలునని అనుభవజ్ఞులు చెప్పుదురు. బరువైన వంటకము తరువాత తేలికైన తీపి యుండవలెనను ఈ న్యాయము మన నేతి విందులకును వర్తించును.

కావున మన గృహిణి పదిమందికి రెండు లీటర్ల పాలను కోవాగా ఇగిర్చినచో దక్కునది 400 గ్రాములే. అవే పాలలో గుప్పెడు బియ్యము ఉడికించినచో తలకొక గిన్నెడు పరమాన్నము వచ్చును. బెల్లమును మరుగుచున్న పాలలో వేయరాదు, విరుగును; దింపి కొంత చల్లార్చిన పిమ్మటనే కలుపవలెను. పైన నేతిలో వేయించిన జీడిపప్పు ముక్కలు కొన్ని చాలును. విందు బరువైనచో పరమాన్నమును మాని పనసతొనలో, చిన్న కొబ్బరిలౌజో ఇచ్చి మజ్జిగతో ముగింపవచ్చును. కోవా కావలెనన్నచో ఉసిరికాయంత ఉండ ఒక్కొక్కటి చాలును.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. అందుచేత పెరటి తీపి ఉచితముగా లభించునదని మనము భావింపరాదు. అది ఒక తరము నాటి మరియొక తరమునకు అప్పగించిన సొమ్ము. అతిథి విస్తరిలో కొబ్బరిలౌజు పెట్టునప్పుడు గృహిణి సిగ్గుపడ నవసరము లేదు. ఆ చెట్టు ఎవరు నాటిరో అతిథికి చెప్పినచో, విందునకు అదియే తగిన ముగింపు.